రీలోడ్ బటన్ వెనుక రెండు అనుమానాలు

బ్రౌజర్‌లో రీలోడ్ నొక్కే మనిషికి రెండు అనుమానాల్లో ఏదో ఒకటి ఉంటుంది. తెర మీదున్న పేజీ పాతబడిందేమో అన్నది మొదటిది. పేజీ సగంలో తెగిపోయిందో, ఎక్కడో చెడిపోయిందో అన్నది రెండోది. నొక్కే బటన్ ఒక్కటే కాబట్టి రెండూ ఒకటేనని అనిపిస్తుంది. కానీ పాఠకుడికీ అసలు సర్వర్‌కీ మధ్య, పేజీల ప్రతులను దాచుకుని అడిగినవాళ్లకు ఇచ్చే ప్రాక్సీ క్యాష్‌లు మెట్లు మెట్లుగా కూర్చున్న రోజుల్లో ఈ రెండింటికీ చెప్పాల్సిన జవాబులు వేరు. పాతబడిందన్న అనుమానం తీరాలంటే ‘మారిందా?’ అని పైకి ఒక చిన్న ప్రశ్న పంపితే చాలు. చెడిపోయిందన్న అనుమానం తీరాలంటే పేజీ మొత్తాన్ని మొదటి నుంచి మళ్లీ తెప్పించాలి. 1990ల మధ్య నుంచి ఇప్పటిదాకా వెబ్ క్యాష్‌లు రీలోడ్‌ను ఎలా చూశాయో వరసగా గమనిస్తే, ఖర్చు తగ్గించే తొందరలో రెండో అనుమానాన్ని మొదటిదాంట్లో కలిపేసిన తీరు కనిపిస్తుంది. అలా కలపడం వల్ల ఎంతో ఆదా అయిన మాట నిజం. అయితే పాఠకుడి చేతిలో ఉన్న ఒక మంచి పనిముట్టు దాంతోపాటే మొద్దుబారిందనీ, అది పాఠకుడి ఒక్కడి నష్టం కాదనీ నా అభిప్రాయం.

క్యాష్‌లు ఎందుకు పుట్టాయో ముందు చూడాలి. వెబ్ ఇంకా పసిబిడ్డగా ఉన్న 1993లో పీటర్ డాన్‌జిగ్, రిచర్డ్ హాల్, మైకేల్ ష్వార్ట్జ్ ఒక పరిశోధనా పత్రం రాశారు. అమెరికా వెన్నెముక నెట్‌వర్క్ అయిన ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ మీద జనం అవే ఫైళ్లను పదేపదే తెప్పించుకుంటున్నారనీ, సరైన చోట్ల కొన్ని క్యాష్‌లు పెడితే ఎఫ్‌టీపీ రద్దీలో 42 శాతం, మొత్తం వెన్నెముక రద్దీలో 21 శాతం తగ్గించవచ్చనీ అందులో చూపించారు. మరుసటి ఏడాది మే నెలలో జెనీవాలో జరిగిన తొలి అంతర్జాతీయ వెబ్ సదస్సులో అరి లుఓటోనెన్, కెవిన్ ఆల్టిస్ ప్రాక్సీల గురించి పత్రం సమర్పించారు. సెర్న్ సర్వర్ ప్రోగ్రామే ప్రాక్సీగా కూడా పనిచేసి, తెచ్చిన పేజీలను డిస్కులో దాచుకునేది. దాచుకున్న ప్రతి ఇంకా తాజాగానే ఉందా అన్న ప్రశ్న ఆ మొదటి రోజే ఎదురైంది. ముందు హెడ్ అనే అభ్యర్థనతో తేదీ కనుక్కుని, మారి ఉంటే గెట్‌తో పేజీ తెప్పించడం ఒక పద్ధతి. దానికి రెండు కనెక్షన్లు కావాలి. దానికి బదులు గెట్‌కే ఒక షరతు తగిలించారు. ‘ఫలానా తేదీ తర్వాత మారి ఉంటేనే పంపు’ అని అడిగే ఇఫ్-మోడిఫైడ్-సిన్స్ అనే లైను అది. మారకపోతే సర్వర్ 304 అని చిన్న జవాబిచ్చి ఊరుకుంటుంది, పేజీ కదలదు. చూడటానికి చిన్న సవరణే గానీ, ఆ తర్వాత వచ్చిన క్యాష్ వ్యవస్థలన్నీ దీని మీదే నిలబడ్డాయి.

క్యాష్‌లను మెట్లుగా పేర్చే ఆలోచన హార్వెస్ట్ ప్రాజెక్టుది. కొలరాడో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి కట్టిన క్యాష్ ఇది. దీని మీద రాసిన పత్రం 1996 జనవరిలో యూజ్‌నిక్స్ సదస్సులో వచ్చింది. అదే ఏడాది డ్వేన్ వెసెల్స్ హార్వెస్ట్ కోడ్ నుంచి స్క్విడ్‌ను తయారుచేశారు. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచిన ఎన్‌ఎల్‌ఏఎన్‌ఆర్ అనే సంస్థ పై మెట్టు క్యాష్‌లను నడిపేది. ఈ ఏర్పాటులో ఒక కాలేజీ క్యాష్‌కి పైన ప్రాంతీయ క్యాష్, దాని పైన జాతీయ క్యాష్ ఉండేవి. పైదాన్ని పేరెంట్ అనీ, పక్కదాన్ని సిబ్లింగ్ అనీ అనేవారు. తన దగ్గర లేని పేజీని పేరెంట్ ఎక్కడి నుంచైనా తెచ్చిపెడుతుంది. సిబ్లింగ్ తన దగ్గరుంటేనే ఇస్తుంది, లేకపోతే లేదంటుంది. ఎవరి దగ్గర ఏముందో తెలుసుకోవడానికి ఐసీపీ అనే చిన్న ప్రోటోకాల్ ఉండేది. 1997 సెప్టెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2186, 2187 అనే ఇంటర్నెట్ నిబంధనల పత్రాలు దాన్ని వివరిస్తాయి. పేజీ చిరునామాతో ఒక యూడీపీ ప్యాకెట్ ఇరుగుపొరుగు క్యాష్‌లన్నిటికీ వెళ్తుంది, ‘ఉంది’, ‘లేదు’ అని జవాబులొస్తాయి, ముందుగా ఉందన్నవాళ్ల దగ్గర తీసుకోవడమే. మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో బ్రౌజర్ సెట్టింగులు తెరిచి ప్రాక్సీ అడ్రసు పక్కన 3128 అని కొట్టిన తరానికి స్క్విడ్ పేరు తెలియకపోవచ్చు, దాని పోర్టు నంబరు మాత్రం కంఠతా వచ్చు.

ఈ మెట్లు ఎవరికి ప్రాణావసరమో గమనిస్తే రీలోడ్ మీద కోపం ఎక్కడ పుట్టిందో అర్థమవుతుంది. న్యూజిలాండ్‌కు 1989లో వచ్చిన తొలి ఇంటర్నెట్ లైను హామిల్టన్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం నుంచి హవాయికి వేసినది, దాని వేగం సెకనుకు 9,600 బిట్లు. ఆ తర్వాతి ఏళ్లలో లైను పెరిగింది, ఖర్చునూ వాడకాన్ని బట్టే పంచుకున్నారు. ఎన్ని మెగాబైట్లు సముద్రం దాటి వస్తే అంత బిల్లు. హార్వెస్ట్ క్యాష్‌ను తొలినాళ్లలోనే గట్టిగా పట్టుకున్న దేశాల్లో న్యూజిలాండ్ ఉండటం ఇందుకే. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ జానెట్ 1998 ఆగస్టు నుంచి అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చే ప్రతి మెగాబైట్‌కూ 2 పెన్సుల చొప్పున విద్యాసంస్థల దగ్గర వసూలు చేసింది. అప్పటికే అక్కడ జాతీయ వెబ్ క్యాష్ నడుస్తోంది. ఇలాంటి చోట క్యాష్ నడిపే మనిషికి రీలోడ్ నొక్కే ప్రతి విద్యార్థీ లెక్కల పుస్తకంలో ఒక ఖర్చు పద్దుగా కనిపించాడంటే ఆయన్ని తప్పుపట్టలేం.

ఆ బటన్ నొక్కితే జరిగేదేమిటో దగ్గరగా చూద్దాం. మామూలుగా ఒక లంకె మీద నొక్కితే కాలేజీ క్యాష్ తన డిస్కులోని ప్రతి వయసు చూస్తుంది. స్క్విడ్ మామూలు సెట్టింగుల్లో, సర్వర్ గడువు తేదీ ఏదీ చెప్పని పేజీకి ఒక అంచనా సూత్రం ఉంది. పేజీ మారి ఎన్నాళ్లయితే అందులో 20 శాతం కాలం దాన్ని తాజా అనుకోవచ్చు, అయితే 4,320 నిమిషాలకు, అంటే మూడు రోజులకు మించకూడదు. పది రోజుల కిందట మారిన పేజీని తెచ్చుకుంటే రెండు రోజులు ఎవర్నీ అడగకుండా ఇచ్చేస్తుందన్నమాట. ఇది ఊహే. నిన్నటిదాకా పది రోజులు కదలని పేజీ ఇవాళ కదలకూడదని ఏమీ లేదు. ఆ ఊహ తప్పినప్పుడు పాఠకుడికి మిగిలిన దారి రీలోడ్. నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో రీలోడ్ నొక్కితే అభ్యర్థనతో పాటు ‘ప్రాగ్మా: నో-క్యాష్’ అనే లైను వెళ్లేది. 1996 మేలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 1945, దీని అర్థాన్ని తేటగా చెప్పింది. నీ దగ్గర ప్రతి ఉన్నా సరే, ఈ అభ్యర్థనను అసలు సర్వర్ వైపు పంపు. కాలేజీ క్యాష్ దాన్ని ప్రాంతీయ క్యాష్‌కి, అది జాతీయ క్యాష్‌కి, అది సముద్రం అవతలి సర్వర్‌కి అందించాలి. లాగ్ ఫైల్లో ఆ లైను పక్కన ‘టీసీపీ_క్లయింట్_రిఫ్రెష్_మిస్’ అని పడుతుంది. ప్రతి ఉండి కూడా వాడుకోలేకపోయామని దాని భావం.

ఇక్కడే నా వాదనకు ఆధారం ఉంది. ఆ పత్రం రాసిన బెర్నర్స్-లీ, ఫీల్డింగ్, ఫ్రిస్టిక్ ఈ ఆదేశం దేనికో కూడా చెప్పారు. పాతబడిన ప్రతినే కాదు, చెడిపోయిందని తెలిసిన ప్రతిని కూడా క్లయింట్ దీనితో బాగుచేసుకోవచ్చన్నారు. చెడిపోవడం అప్పట్లో అరుదైన సంగతేమీ కాదు. హెచ్‌టీటీపీ 1.0లో చాలా సర్వర్లు పేజీ పొడవెంతో ముందుగా చెప్పేవి కావు, కనెక్షన్ మూసేయడమే పేజీ అయిపోయిందనడానికి గుర్తు. సముద్రగర్భ లైనులో గడబిడ వచ్చి కనెక్షన్ మధ్యలో తెగినా క్యాష్‌కి అది పేజీ ముగిసినట్టే కనిపించేది. సగం బొమ్మ, సగం వ్యాసం, పూర్తి పేజీ హోదాలో డిస్కెక్కి కూర్చునేది. ఇక ఆ మెట్టు కింద ఉన్న ప్రతి కాలేజీకీ, ప్రతి విద్యార్థికీ ఆ సగమే అందేది. ఇప్పుడు ‘మారిందా?’ అని అడిగి చూడండి. సగం ప్రతి మీద రాసున్న తేదీ, అసలు పేజీ తేదీ ఒకటే. సర్వర్ నిజాయతీగా 304 అంటుంది, మారలేదంటుంది. సగం ప్రతి మళ్లీ తాజా ముద్ర వేయించుకుని మరో మూడు రోజుల దాకా బతుకుతుంది. తేదీని పోల్చి చూసే ఏ ప్రశ్నా ఈ జబ్బును పట్టుకోలేదు. మొత్తం మళ్లీ తెమ్మనే ఆజ్ఞ ఒక్కటే దీనికి మందు. ఆ ఆజ్ఞ ఫలం నొక్కినవాడి దగ్గరే ఆగిపోదు కూడా. కాలువ చివరి రైతు కోసం జలాశయం నుంచి నీళ్లు వదిలితే దారిలోని పొలాలన్నీ తడిసినట్టు, ఒక్క రీలోడ్‌తో వచ్చిన పూర్తి పేజీ కిందికి దిగుతూ ప్రతి మెట్టు మీదా పాత ప్రతి స్థానంలో చేరుతుంది. బటన్ నొక్కింది ఒక్కడే అయినా, ఆ తర్వాత అదే పేజీ అడిగే వందలమందికీ బాగుపడ్డ ప్రతి అందుతుంది. అందుకే రీలోడ్‌ను పాఠకుడి స్వార్థంగా, క్యాష్‌ను అందరి ఉమ్మడి ఆస్తిగా చూపి రెంటికీ పోటీ పెట్టడం నాకు సరైనదిగా తోచదు. ఉమ్మడి ఆస్తికి కాపలా కాసింది ఆ బటనే.

క్యాష్‌లు నడిపినవాళ్లు దీనికి చెప్పే అభ్యంతరం బలమైనదే. రీలోడ్ నొక్కేవాళ్లలో ఎక్కువమందికి ఏ అనుమానమూ లేదు, ఉన్నది విసుగు. పేజీ నెమ్మదిగా వస్తోందని నొక్కుతారు, క్రికెట్ స్కోరు మారుతుందేమోనని నొక్కుతారు, ఊరికే నొక్కుతారు. ఒక్కో నొక్కుకూ పేజీలోని బొమ్మలన్నీ, ఏళ్ల తరబడి మారని లోగోలతో సహా, సముద్రం దాటి రావాలా? మెగాబైట్‌కు 2 పెన్సులు కట్టే చోట ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. స్క్విడ్ రచయితలు దీనికి రెండు మీటలు పెట్టారు. రీలోడ్-ఇంటూ-ఐఎంఎస్ అనేది పాఠకుడి ఆజ్ఞను ‘మారిందా?’ అన్న ప్రశ్నగా మార్చి పైకి పంపుతుంది. ఇగ్నోర్-రీలోడ్ అనేది ఆజ్ఞను అసలు చెవిన పెట్టదు, ఉన్న ప్రతినే చేతిలో పెడుతుంది. రెంటి పక్కనా స్క్విడ్ పత్రాల్లో ఇది హెచ్‌టీటీపీ నిబంధనను ఉల్లంఘించడమేనన్న హెచ్చరిక పెద్దక్షరాల్లో ఉంది. మీటను చేతికిస్తూనే అది తప్పని రాసిపెట్టిన ఆ నిజాయతీ నాకు గౌరవం కలిగిస్తుంది. నా మటుకు ఈ రెంటినీ ఒకే గాటన కట్టను. మొదటి మీట విసుగుతో నొక్కినవాళ్ల ఖర్చును తగ్గిస్తుంది, పాతబడిందన్న అనుమానాన్ని నిజంగానే తీరుస్తుంది, చెడిపోయిన ప్రతి విషయంలో మాత్రం గుడ్డిది. రెండో మీట రెంటిలో ఏ అనుమానాన్నీ తీర్చదు. పాఠకుడికి కొత్తది తెచ్చామన్న భ్రమ కలిగించి పాతదే ఇస్తుంది. ఖర్చు ఎంతైనా కానీ, దాన్ని సమర్థించే వాదన నాకు దొరకలేదు. బొమ్మలకు మొదటి మీట వేసి, పేజీలను వాటి మానాన వదిలే వీలు స్క్విడ్‌లోనే ఉంది, ఎందుకంటే ఈ నియమాలు చిరునామాల నమూనాను బట్టి విడివిడిగా పెట్టుకోవచ్చు.

మెట్ల ఏర్పాటులోనే మరో లోపం ఉంది. ఐసీపీ ప్యాకెట్‌లో పేజీ చిరునామా తప్ప పాఠకుడి అభ్యర్థనలోని మిగతా లైన్లేవీ వెళ్లవు. పాఠకుడు ఎంత తాజా ప్రతి కోరుతున్నాడో పక్క క్యాష్‌కి తెలిసే దారే లేదు. అది తన డిస్కు చూసుకుని ‘ఉంది’ అంటుంది. తీరా అసలు అభ్యర్థన వచ్చాక చూస్తే తన దగ్గరున్నది పాఠకుడు కోరినంత తాజాది కాదు. సిబ్లింగ్‌గా ఉండి పైనుంచి తెచ్చిపెట్టే బాధ్యత తనది కాదు గనక చేతులెత్తేస్తుంది. దీన్ని తప్పుడు హిట్ అనేవారు. రీలోడ్ విషయంలో స్క్విడ్ చేసిన పని వివేకమైనది. నో-క్యాష్ అని వచ్చిన అభ్యర్థనల కోసం సిబ్లింగ్‌లను అడగడమే మానేసింది, ఎందుకంటే వాళ్లివ్వగలిగింది పాత ప్రతి ఒక్కటే, పాఠకుడు వద్దన్నది దాన్నే. ఈ లోపాన్ని తీర్చడానికి అభ్యర్థన లైన్లను కూడా మోసుకెళ్లే హెచ్‌టీసీపీ అనే ప్రోటోకాల్ 2000 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2756గా వచ్చింది.

ఇక పాఠకుడి చేతిలోంచి ఆ పనిముట్టు పూర్తిగా జారిపోయిన సందర్భం ఒకటుంది, దాన్ని కాస్త నిలబడి చూడాలి. బ్రౌజర్‌లో ప్రాక్సీ అడ్రసు కొట్టించడం కష్టమని ఇంటర్నెట్ కంపెనీలు దారిలోనే రద్దీని పట్టి క్యాష్‌లోకి మళ్లించడం మొదలుపెట్టాయి. వీటిని ట్రాన్స్‌పరెంట్ ప్రాక్సీలు అన్నారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి తన సెట్టింగుల్లో ప్రాక్సీ ఏదీ లేకపోతే, తాను నేరుగా సర్వర్‌తోనే మాట్లాడుతున్నానన్న నమ్మకం. నేరుగా మాట్లాడేటప్పుడు నో-క్యాష్ అవసరమేముందని రీలోడ్‌లో ఆ లైను పంపేది కాదు, ఇఫ్-మోడిఫైడ్-సిన్స్ మాత్రం పంపేది. మధ్యలో దాక్కున్న క్యాష్‌కి అది మామూలు ప్రశ్నే. తన దగ్గరున్న ప్రతి ఇంకా తాజా అనే లెక్కలో ఉంటే పైకి పోకుండా తానే 304 అనేసేది. పాఠకుడు ఎన్నిసార్లు నొక్కినా అదే పాత పేజీ. 5.5 సర్వీస్ ప్యాక్ 1కి ముందటి వెర్షన్లతో ఈ చిక్కు ఉండేది, దాని కోసం స్క్విడ్‌లో ఐఈ_రిఫ్రెష్ అనే ప్రత్యేక సెట్టింగే పెట్టాల్సి వచ్చింది. ఆ బ్రౌజర్ల నుంచి ఇలాంటి ప్రశ్న వస్తే అసలు సర్వర్‌ను అడుగు అన్నది దాని సారం. బ్రౌజర్ తయారీదారుదీ తప్పు కాదనీ, క్యాష్‌దీ తప్పు కాదనీ అనవచ్చు, ఎవరి తర్కం వారికి సరిపోయింది. కానీ తన మాట ఎవరెవరి చేతులు దాటి వెళ్తోందో పాఠకుడికి తెలియనివ్వకపోతే, అతని ఆజ్ఞను పాటించే ఏర్పాటు కూడా కూలిపోతుందని ఈ ఉదంతం రుజువు చేసింది.

నిబంధనలు రాసినవాళ్లు రెండు అనుమానాలనూ విడివిడిగా గుర్తించిన కాలం ఒకటుంది. 1997 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2068గా వచ్చి, 1999 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 2616గా స్థిరపడిన హెచ్‌టీటీపీ 1.1 రెండు వేర్వేరు మాటలు ఇచ్చింది. నో-క్యాష్ అంటే దారిలో ఎవరూ తమ ప్రతిని వాడకూడదు, మొత్తం పైనుంచి రావాలి. మ్యాక్స్-ఏజ్=0 అంటే ప్రతి మెట్టూ తన ప్రతి ఇంకా సరైనదేనా అని తన పైమెట్టును అడిగి రూఢి చేసుకోవాలి. చెడిపోయిందన్న అనుమానానికి మొదటిది, పాతబడిందన్న అనుమానానికి రెండోది. బ్రౌజర్లు మామూలు రీలోడ్‌కు రెండోదాన్ని, షిఫ్ట్ పట్టుకుని నొక్కే రీలోడ్‌కు మొదటిదాన్ని వాడటం అలవాటైంది. ఇది నాకు నచ్చిన ఏర్పాటు. విసుగుతో నొక్కేవాడికి తక్కువ ఖర్చు, నిజంగా అనుమానం ఉన్నవాడికి పూర్తి హక్కు. అయితే 2014 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7234 నో-క్యాష్ అర్థాన్ని సడలించింది. అసలు సర్వర్‌ను అడిగి రూఢి చేసుకోకుండా దాచిన ప్రతిని వాడకూడదని మాత్రమే అంది, అడిగాక వాడుకోవచ్చు. స్క్విడ్ పత్రాలు ఉల్లంఘనగా ముద్రవేసిన రీలోడ్-ఇంటూ-ఐఎంఎస్ చేసే పనే ఇది. 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9111 ఇంకో మెట్టు దిగింది. అభ్యర్థనలో వచ్చే ఇలాంటి ఆదేశాలన్నీ సలహాలేననీ, క్యాష్‌లు వాటిని అమలుచేయవచ్చు గానీ చేసి తీరాలన్న నియమం లేదనీ చెప్పింది. నో-క్యాష్ అంటే, రూఢి చేసుకోకుండా దాచిన ప్రతిని వాడటం క్లయింట్‌కు ఇష్టం లేదని మాత్రమే అర్థమంది. ప్రాగ్మాను ఇక వాడుకలోంచి తప్పించాలంది. పాతికేళ్లలో పాఠకుడి ఆజ్ఞ షరతుగా, షరతు కోరికగా మారింది.

దీనికి వచ్చే చివరి అభ్యంతరం గట్టిది. ఆజ్ఞ కోరికైపోయినా లోకం మునిగిపోలేదు కదా? వార్నిష్ అనే క్యాష్‌ను పౌల్-హెన్నింగ్ కాంప్ 2006లో నార్వే పత్రిక వెర్డెన్స్ గాంగ్ కోసం కట్టినప్పటి నుంచీ అది మామూలు సెట్టింగుల్లో పాఠకుడి నో-క్యాష్‌ను పట్టించుకోదు. పెద్ద పెద్ద కంటెంట్ డెలివరీ నెట్‌వర్కులూ అంతే. లోపల వాటికీ మెట్లున్నాయి, ఊరి దగ్గరి క్యాష్, దాని పైన ప్రాంతీయ క్యాష్, దాని వెనుక సర్వర్. 2017 జనవరిలో క్రోమ్ బృందం తమ బ్రౌజర్‌లో రీలోడ్‌ను మార్చామని ప్రకటించింది. ప్రధాన పేజీని మాత్రమే రూఢి చేసుకుని, బొమ్మలూ స్క్రిప్టులూ మామూలు లెక్కన క్యాష్‌లోంచే తీసుకోవడంతో రూఢి అభ్యర్థనలు 60 శాతం తగ్గాయనీ, రీలోడ్ 28 శాతం వేగవంతమైందనీ చెప్పింది. అదే 2017 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 8246, ఎన్నటికీ మారని ఫైళ్లను సర్వర్ ‘ఇమ్యూటబుల్’ అని ముందే ప్రకటించే వీలిచ్చింది. వీటన్నిటి లాభాన్నీ ఒప్పుకుంటాను. సగంలో తెగిన పేజీల బెడద తగ్గిందనీ ఒప్పుకుంటాను, పొడవు ముందుగా చెప్పడం, ఎన్‌క్రిప్షన్ ఆ పని చేశాయి. హెచ్‌టీటీపీఎస్ వ్యాపించాక కాలేజీ ప్రాక్సీకి పేజీలను చూసే వీలే లేదు, అది కేవలం సొరంగం తెరిచి తప్పుకుంటుంది.

కానీ ఈ రెండు కాలాల క్యాష్‌లు ఒకరి తరఫువి కావు. కాలేజీ స్క్విడ్ చదివేవాళ్ల తరఫున ఉండేది, పేజీ ప్రచురించినవాళ్లకు అదెక్కడుందో కూడా తెలియదు. దాన్లోని తప్పు ప్రతిని తీసేసే మీట ప్రచురణకర్తకు లేదు, అందుకే పాఠకుడి రీలోడ్‌కు అంత బలం కావాల్సి వచ్చింది. నేటి డెలివరీ నెట్‌వర్కు ప్రచురణకర్త డబ్బు కట్టి పెట్టుకున్నది. తప్పు ప్రతిని అన్ని మెట్ల మీదా ఒక్క దెబ్బతో తుడిచేసే పర్జ్ అనే మీట ఆయన చేతిలో ఉంది. రీలోడ్‌ను పట్టించుకోకపోయినా నడుస్తున్నది అందువల్ల. అంటే మరమ్మతు పని అనవసరం కాలేదు, చేసేవాడు మారాడు. ఒక పత్రిక తప్పు శీర్షిక సరిదిద్ది పర్జ్ నొక్కడం మరిచిపోతే, ఎదురుగా తప్పు కనబడుతున్నా పాఠకుడు ఎఫ్5ను ఎన్నిసార్లు నొక్కినా ఆ మాట మొదటి మెట్టు దాటకపోవచ్చు. క్యాష్‌లోని ఆ ప్రతి గడువు తీరేదాకా, లేదా లోపలి మనిషెవరికైనా గుర్తొచ్చేదాకా, తర్వాత వచ్చే ప్రతి పాఠకుడూ అదే చదువుతాడు.